మా కారు బ్యాటరీలో పడిన దొంగ

మా ఇంటి ముందర నీలిరంగు మారుతి 800 కారు ఒకటి ఉన్నది. 1997వ సంవత్సరపు బండి. కాగితముల మీద అది మాది అన్నమాటే గాని, నిజానికి మా వీధి అంతటిదీ. నూజివీడు దాపున మామిడితోటల మధ్యనున్న చిన్న ఊరు మాది. నడవలేని పెద్దవాళ్ళను నలుగురిని ఆదివారము ఆరాధనకు చేర్చేది ఆ బండే. పరీక్షల రోజుల్లో పిల్లలను నూజివీడులో దింపేది అదే. వేసవి వచ్చిందంటే వెనుక సీటు మడిచి చిన్నరసాల గంపలు ఎక్కించుకునేదీ అదే. అటువంటి బండి 2022 వేసవిలో ఒక రాత్రి మమ్మల్ని వీధిలో నిలబెట్టింది. ఆ సంగతీ, ఆ తరువాత మేము తెలుసుకున్న సంగతులూ, పాత కారో ట్రాక్టరో ఉన్న కుటుంబములకు పనికివస్తాయని వ్రాస్తున్నాము.

ఆ సంవత్సరము ఏప్రిల్ 4న మా నూజివీడు కృష్ణా జిల్లాను విడిచి కొత్త ఏలూరు జిల్లాలో చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బండికి జబ్బు మొదలైనది. ఆదివారము చక్కగా తిరిగిన కారు బుధవారము ఉదయము తాళం తిప్పితే "టక్" మని ఊరుకునేది. సెల్ఫు తీసుకునేది కాదు. బ్యాటరీ తీసి సైకిలు మీద పెట్టుకొని షాపుకు తీసుకువెళితే రాత్రంతా ఛార్జింగు పెట్టి ఇచ్చారు. రెండు రోజులు బాగుంది. మళ్ళీ అదే కథ. మూడవసారి వెళ్ళినప్పుడు "బ్యాటరీ అయిపోయింది మాస్టారూ, కొత్తది వేయించండి" అన్నారు. మూడేళ్ళ బ్యాటరీ కదా, అయిపోయే ఉంటుందని కొత్తది వేయించాము. పదిహేను రోజులు తిరగకుండానే కొత్తదీ దిగిపోయింది.

అప్పుడు మా అనుమానము ఒక పిల్లవాని మీదకు పోయింది. మా తోట కాపలా కుటుంబములోని అబ్బాయి. అప్పుడే పదవ తరగతి పరీక్షలు వ్రాశాడు. శనివారము తెల్లవారుజామున వచ్చి కారు కడిగేవాడు. కడుగుతూ స్టీరియోలో పాటలు పెట్టుకునేవాడు. ఆ స్టీరియోకు తాళంతో పని లేదు, బ్యాటరీ నుండి నేరుగా వైరు లాగించుకున్నాము. "నువ్వు పాటలు పెట్టి కట్టడం మరిచిపోతున్నావురా" అన్నాము. "లేదు మాస్టారూ, కట్టేసే వెళుతున్నాను" అన్నాడు. ఆ తరువాత ఇంకొక మాట కూడా అన్నాడు. "బానెట్టు ఎత్తి తుడిచేటప్పుడు డైనమో వెచ్చగా ఉంటోంది మాస్టారూ" అని. ఎండకు ఇనుము వేడెక్కదా అని మేము కొట్టిపారేశాము. వాడు కారు కడిగేది ఉదయము అయిదున్నరకు. ఆ వేళప్పుడు ఎండ ఎక్కడిది? ముప్పై యేళ్ళు బడిలో పాఠములు చెప్పిన మాకు ఆ ప్రశ్న తట్టలేదు.

మే నెల రెండవ వారములో ఒక రాత్రి ఎదురింటి మామ్మగారికి ఆయాసము వచ్చింది. ఊపిరి అందడము లేదు. ఒకరు 108కు ఫోను చేస్తూనే ఉన్నారు. ఎదురుగా కారు ఉండగా ఎందుకు కూర్చోవాలని ఆమెను వెనుక సీటులో కూర్చోబెట్టి తాళం తిప్పాము. టక్. మళ్ళీ తిప్పాము. టక్. వీధిలోవాళ్ళంతా లేచి వచ్చారు. అందరికంటే ముందు వచ్చి వెనుక చేతులు ఆన్చినది ఆ అబ్బాయే. రెండవ గేరులో వేసి క్లచ్చి తొక్కి ఉంచాము. బండి వేగము అందుకున్నాక క్లచ్చి వదిలితే ఇంజను అందుకున్నది. హెడ్‌లైట్లు చిమ్నీ దీపాల మాదిరిగా వెలుగుతుండగా నూజివీడు ఆసుపత్రికి చేర్చాము. ఆక్సిజను పెట్టారు. మామ్మగారు మూడవ రోజుకు ఇంటికి వచ్చారు.

కాని ఆ తెల్లవారుజామున ఆసుపత్రి వరండాలో, నిద్ర లేని కళ్ళతో, అందరి ముందర ఆ పిల్లవానితో ఒక మాట అన్నాము. "నీ పాటల పిచ్చికి ఈ రోజు ఒక ప్రాణము పోయేది" అని. వాడు ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోయాడు. ఆ శనివారము కారు కడగడానికి రాలేదు. ఆ తరువాతి శనివారమూ రాలేదు.

నూజివీడులో పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియను మేస్త్రీగారు ఒకరున్నారు. చివరకు ఆయన దగ్గరకు వెళ్ళాము. ఆయన బ్యాటరీ మూతలు విప్పి, లోపల తేలే కాడ ఉండే గాజు గొట్టముతో ఆరు గదులలోని యాసిడ్‌ను ఒక్కొక్కటిగా పీల్చి చూశారు. దానిని హైడ్రోమీటరు అంటారు. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీలో ఆ కాడ 1.250, ఇంకా పైన చూపుతుంది. 1.150 దగ్గరకు వస్తే దాదాపు ఖాళీ అయినట్లే. ఆరు గదులూ ఒకే తీరున దిగితే బ్యాటరీని ఎవరో వాడుకున్నారని అర్థము. ఒక్క గది మాత్రము మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే బ్యాటరీలోనే రోగము. మాది ఆరూ సమానముగా దిగినవి.

"కుండ బాగానే ఉంది మాస్టారూ. కుండకు చిల్లి లేదు. ఎక్కడో కుళాయి తెరిచి ఉంది. అది తెలియకుండా ఎన్ని కుండలు కొన్నా ఇంతే" అన్నారాయన. ఆ కుళాయిని వెదకడానికి తన షాపుకంటే మా ఇల్లే మంచిదన్నారు. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, ఉదయాన్నే చూడాలట. తన మల్టీమీటరు ఒకటి ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో చూపించి పంపించారు.

ఇక్కడ కొంచెము లెక్క చెప్పుకోవాలి. భయపడవద్దు, అయిదవ తరగతి లెక్క. మారుతి 800లో ఉండేది సుమారు 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ. అంటే గంటకు ఒక ఆంపియరు చొప్పున వాడితే 35 గంటలు వస్తుంది. కారు లోపల పైన ఉండే చిన్న దీపము 5 వాట్లది. 12 వోల్టుల మీద అది సుమారు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది. తలుపు సరిగా పడక ఆ ఒక్క దీపము వెలుగుతూ ఉంటే రోజుకు 10 పోతాయి. మూడున్నర రోజులలో బ్యాటరీ ఖాళీ. సెల్ఫు తిప్పడానికి ఒక్క క్షణములో నూరు ఆంపియర్లకు పైగా కావాలి గనుక, పూర్తిగా ఖాళీ కాకముందే, సగము దాటగానే "టక్" మొదలవుతుంది.

పూర్వము ఈ బాధ లేదు. 1912లో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన సెల్ఫు క్యాడిలాక్ కార్లలోకి వచ్చేదాకా, కార్లు చాలావరకు ముందర హ్యాండిలు పెట్టి తిప్పవలసినవే. మన అంబాసిడరుకు కూడా హ్యాండిలు ఉండేది. బ్యాటరీ మాత్రము అంతకంటే పాతది. 1859లో ఫ్రాన్సు దేశములో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లములో ముంచి తయారుచేసిన పద్ధతే నేటికీ మన బండ్లలో నడుస్తున్నది. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజావారు చేసే బ్యాటరీలకూ మూలము అదే.

సరే, మా వేట సంగతి. మొదటి రోజు వోల్టులు మాత్రమే చూశాము. రాత్రి షాపులో నింపి తెచ్చిన బ్యాటరీని పగలంతా ఏ వైరూ కలపకుండా గట్టు మీద ఉంచితే సాయంత్రానికి 12.6 చూపింది. అది నిండు లెక్క. 12.2 అంటే సగము, 12కు దిగువకు వస్తే ఆశ వదులుకోవలసిందే. మరునాడు బండికి తగిలించి మధ్యాహ్నము కాసేపు తిప్పి నిలిపాము. తెల్లవారేసరికి 12.3! ఒక్క రాత్రి. దొంగ ఇంట్లోనే ఉన్నాడని రుజువైనది.

రెండవ రోజు ఉదయము మేమిద్దరమూ, ఒకరము మీటరు పట్టుకొని, ఒకరము పుస్తకములో అంకెలు వ్రాసుకుంటూ మొదలుపెట్టాము. పద్ధతి ఇది. తాళం తీసి చేతిలో పెట్టుకోవాలి. తలుపులన్నీ మూయాలి. ముందుగా బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. ప్లస్ ముందు తీస్తే స్పానరు బాడీకి తగిలి నిప్పులు వస్తాయి. ఉంగరములు, గాజులు తీసివేయడము మంచిది. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వస్తుంది గనుక దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఒక కాడ ఊడదీసిన మైనస్ వైరుకు, రెండవ కాడ బ్యాటరీ మైనస్ మొనకు తగిలించాలి. అప్పుడు బండిలోకి పోయే కరెంటంతా మీటరులోనుండే పోవాలి. ఎంత పోతున్నదో అంకె చెబుతుంది. మీటరు అట్లా ఉండగా పొరబాటున కూడా సెల్ఫు కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. మీటరు లేనివారు 5 వాట్ల బల్బు ఒకటి హోల్డరుతో సహా అదే చోట కలిపి చూడవచ్చు. బల్బు వెలగకపోతే పెద్ద నష్టము లేదు. బాగా వెలిగితే కుళాయి తెరిచే ఉన్నట్లు.

మా మీటరు 0.60 చూపింది. కంప్యూటరు లేని ఇటువంటి పాత బండిలో అది దాదాపు సున్నా ఉండాలి. గడియారము, స్టీరియో ఉంటే 0.02, 0.03 వరకు ఫరవాలేదు. 0.60 అంటే రోజుకు 14 ఆంపియర్-అవర్లు. ఆదివారమునకు బుధవారము ఎందుకు దిగిపోతున్నదో అక్కడే తేలిపోయింది. (కొత్త కార్లవారు ఈ పని తొందరపడి చేయవద్దు. వాటిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి కొన్నింటిలో గంటసేపు పడుతుంది. అంతవరకు మీటరు ఎక్కువే చూపుతుంది. నిద్రపోయాక 0.05 లోపు ఉంటే సరిపోతుందంటారు.)

ఇక ఫ్యూజులు. మీటరు వంక చూస్తూ ఫ్యూజు పెట్టెలోని ఫ్యూజులను ఒక్కొక్కటిగా లాగాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతే ఆ దారిలో దొంగ ఉన్నట్లు. మొదట మా అపనమ్మకము కొద్దీ స్టీరియో వైరు పీకాము. 0.60 కాస్తా 0.58 అయినది. అంతే. పాటల యంత్రము తాగుతున్నది రెండు పాయింట్లు! ఆ అంకె పుస్తకములో వ్రాసుకునేటప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ మాట్లాడలేదు.

పై దీపపు ఫ్యూజు తీశాము. హారను తీశాము. బ్రేకు దీపాలది తీశాము. పెడలు దగ్గరి స్విచ్చి ఇరుక్కుపోతే బ్రేకు దీపాలు రాత్రంతా వెలుగుతాయని, వెనుకకు వెళ్ళి చూసేవారుండరని మేస్త్రీగారు చెప్పారు. తోటల పక్క ఇళ్ళలో ఎలుకలు వైర్ల తొడుగులు కొరికి వదిలేస్తాయి గనుక బానెట్టు కింద వైర్లన్నీ తడిమి చూశాము. ఎండుగడ్డి గూడు ఒకటి దొరికింది గాని వైర్లు బాగానే ఉన్నవి. బ్యాటరీ పైన దుమ్ము, యాసిడ్ తడి కలిసి పేరుకుంటే దాని మీదుగా కూడా కొంచెము కొంచెము కరెంటు పారుతుందట. మొనల చుట్టూ తెల్లని పొడి పట్టి ఉంటే వంటసోడా నీళ్ళలో కలిపి, మూతలు బిగించి, పాత టూత్‌బ్రష్‌తో కడిగితే పోతుంది. అదీ చేశాము. చివరకు ఫ్యూజు పెట్టె ఖాళీ అయినది. ఫ్యూజులన్నీ గిన్నెలో ఉన్నవి. మీటరు మాత్రము 0.58 దగ్గర కదలకుండా కూర్చున్నది.

ఎండ ఎక్కుతున్నది. ఇక మేస్త్రీగారికే అప్పగిద్దామనుకుంటుండగా మా ఇంటావిడ, "ఆ పిల్లవాడు డైనమో వెచ్చగా ఉంటోందన్నాడు కదండీ" అన్నది.

అప్పటికి కారు తిరిగి పదహారు గంటలు దాటింది. ఇంజను మీద చెయ్యి పెట్టాము, చల్లగా ఉన్నది. రేడియేటరు చల్లగా ఉన్నది. ఆవిడ వంగి డైనమో మీద అరచెయ్యి ఆన్చింది. "పాలు తోడుపెట్టేటంత వేడి ఉంది" అన్నది. మేమూ పెట్టి చూశాము. నిజమే. గోరువెచ్చగా, బ్రతికి ఉన్నట్లు ఉన్నది. బ్యాటరీ వైరు తీసి, డైనమో వెనుకనున్న లావుపాటి వైరు నట్టు విప్పి, ఆ వైరు కొనకు గుడ్డ చుట్టి పక్కకు పెట్టి, మళ్ళీ మీటరు కలిపాము. 0.00.

డైనమో అని మనమంతా అలవాటుగా అంటాము గాని మారుతిలో ఉండేది ఆల్టర్నేటరు. అది పుట్టించే కరెంటు అటూ ఇటూ ఊగే కరెంటు. దానిని ఒకే దిక్కుకు మళ్ళించి బ్యాటరీకి పంపడానికి లోపల డయోడులు అనే చిన్న బిళ్ళలు కనీసము ఆరు ఉంటాయి. అవి ఒకవైపుకే తెరుచుకునే తలుపులు. కరెంటు లోపలినుండి బ్యాటరీకి పోతుంది గాని బ్యాటరీనుండి వెనుకకు రాదు. ఆ తలుపు ఒకటి కాలి తెరుచుకొని ఉండిపోతే, బండి నిలిచినప్పుడు బ్యాటరీ కరెంటు వెనుకకు పారి ఆల్టర్నేటరు చుట్లను వేడి చేస్తూ కూర్చుంటుంది. పగలు బండి నడిచేటప్పుడు కూడా అది సరిగా నింపలేదు. మాది ఇంజను నడుస్తుండగా 13.1 వోల్టులే చూపింది. 13.8 నుండి 14.4 మధ్య ఉండాలి. పాత అంబాసిడర్లలో నిజమైన డైనమోయే ఉండేది. అక్కడ ఈ తలుపు పని కటౌటు చేసేది. దాని పాయింట్లు అంటుకుపోయినా బ్యాటరీ ఇట్లాగే దిగిపోయేది.

మేస్త్రీగారు ఆల్టర్నేటరు విప్పి, కాలిన డయోడ్ ప్లేటు చేతిలో పెట్టారు. ఆ తరువాత ఒక ప్రశ్న అడిగారు. "ఇంజను నడుస్తుండగా ఎవరైనా బ్యాటరీ వైరు పీకారా మాస్టారూ?"

పీకాము. మార్చి నెలలో, మా తోడల్లుడు వచ్చినప్పుడు, బండి ఛార్జింగు ఎంత బాగా చేస్తున్నదో చూపించడానికి మేమే పీకాము. అంబాసిడరు రోజుల్లో నేర్చుకున్న విద్య అది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసివేసినా బండి ఆగకపోతే డైనమో బాగున్నట్లు లెక్క. ఆల్టర్నేటరు బండిలో అది చేస్తే, తీసిన ఆ క్షణములో వోల్టులు ఒక్కసారిగా ఎగసి డయోడులు కాలిపోతాయట. "ఆ రోజుల్లో అది పరీక్ష. ఈ బండికి అది పిడుగు" అన్నారు మేస్త్రీగారు. మన ఊళ్ళలో ఇప్పటికీ ఈ పరీక్ష చేసేవారు ఉన్నారు. దయచేసి మానండి. ప్లస్, మైనస్ తారుమారుగా వేరే బండి నుండి కరెంటు కలిపినా ఇదే గతి. ఇంకొక మాట. డైనమో బండిలో బ్యాటరీ పూర్తిగా చచ్చినా తోస్తే అందుకునేది. ఆల్టర్నేటరు బండికి అలా కాదు. తోసినా కొంచెమైనా కరెంటు మిగిలి ఉండాలి. మామ్మగారి రాత్రి ఆ కొంచెము మిగిలి ఉన్నది. మరొక్క రోజు ఆలస్యమై ఉంటే ఎంత తోసినా కదిలేది కాదు.

కొత్త డయోడ్ ప్లేటుకు, మేస్త్రీగారి కూలికి కలిపి అయిన ఖర్చు, మేము అనవసరముగా కొన్న బ్యాటరీ ఖరీదులో మూడవ వంతు కూడా లేదు. పాత బ్యాటరీని అప్పుడే షాపులో ఇచ్చివేశాము. అది బాగానే ఉండేదేమోనని మా ఇంటావిడ అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది.

ఆ పిల్లవాని సంగతి మిగిలింది. వాళ్ళ ఇంటికి వెళ్ళి చెబుదామనుకున్నాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "అందరిలో అన్నారు, అందరిలోనే చెప్పండి" అన్నది. ఆదివారము ఆరాధన అయ్యాక, వేపచెట్టు కింద, ఆ రాత్రి బండి తోసినవాళ్ళంతా ఉండగా చెప్పాము. బ్యాటరీని దించినది వీడు కాదు, మేము. వీడు ముందే చెప్పాడు, మేము వినలేదు. తప్పు మాది, క్షమించమని అడిగాము. ముప్పై యేళ్ళు పిల్లలచేత తప్పులు ఒప్పించినవారికి అది తేలికైన పని కాదు. మాట మధ్యలో గొంతు తడబడింది. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. మామ్మగారు వాని తల మీద చెయ్యి పెట్టారు.

కాసేపటికి వాడు, "డయోడు ఎట్లా ఉంటుంది మాస్టారూ?" అని అడిగాడు. కాలిన ప్లేటు జేబులోనే ఉన్నది. తీసి ఇచ్చాము. అటూ ఇటూ తిప్పి, నల్లబడిన బిళ్ళ మీద గోటితో గీకి చూశాడు.

ఆ శనివారము తెల్లవారకముందే వచ్చాడు. కడగడానికి ముందు బానెట్టు ఎత్తి డైనమో మీద చెయ్యి పెట్టాడు. మీటరు ఇంకా మేస్త్రీగారికి తిరిగి ఇవ్వలేదు. ఎట్లా కలపాలో చూపిస్తే తానే కలిపాడు. 0.02.

"ఆ రెండు పాయింట్లు స్టీరియోవి మాస్టారూ" అన్నాడు.